రెండు పరీక్షల్లోంచి నేను వండిన తొంభై ఆరు

ముందే చెప్పేస్తున్నాను, మీ పిల్లల మార్కులేవైనా ఉంటే నా దగ్గరకి తేవద్దు. తెచ్చినా చూడను. చూడకూడదని ఇంట్లో ఆర్డరు. పోయిన నెల దువ్వాడ అవతల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నా వల్ల ఏడు కుటుంబాలు ఒకే వరండాలో తలలు దించుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఏడింటిలో మాదీ ఒకటి. టీ పొయ్యండి, చెప్తాను.

నా పని మీకు తెలుసు కదా. పోర్టులో ఓడల్లోంచి సరుకు దింపే ఒక కంపెనీలో ఉద్యోగం. ఆఫీసు వన్ టౌన్‌లో, హోల్‌సేల్ కొట్ల మధ్య మేడ మీద. ఏ ఓడలోంచి ఎన్ని టన్నుల బొగ్గు దిగిందో రోజూ రిపోర్టు తయారుచెయ్యాలి. పద్దెనిమిదేళ్ళుగా ఎక్సెల్‌తోనే కాపురం. పైనుంచి పెద్దవాళ్ళు వస్తున్నారంటే మాత్రం ఒక స్పెషల్ షీటు తీస్తాను. పగలు షిఫ్టులో ఏ క్రేను బాగా నడిచిందో అదొకటి, రెండో షిఫ్టులో ఏది బాగా నడిచిందో అదొకటి, ఏరి పక్కపక్కన పెడితే షీటు కళకళలాడిపోతుంది. అబద్ధమేం కాదు. అన్నీ మన క్రేన్లే, మన అంకెలే. ఒక్క షిఫ్టులో జరగలేదంతే.

ఈ అలవాటే నా కొంప ముంచింది.

మా అమ్మాయి హెప్సీ ఇంటర్ అయిపోయింది. ఇంజినీరింగ్ ఎంట్రన్సు ఏడాదికి రెండుసార్లు పెడతారు కదా, జనవరిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి. రెండూ రాసింది. రెండో రిజల్టు కూడా వచ్చేసింది. నేను ప్రింటు తీసి రెండు కార్డులూ డైనింగ్ టేబుల్ మీద పరిచాను. జనవరిలో ఫిజిక్స్‌కి పర్సంటైల్ తొంభై ఆరు. కెమిస్ట్రీ, మాథ్స్ మాత్రం డల్లు. ఏప్రిల్లో కెమిస్ట్రీ తొంభై ఐదు, మాథ్స్ తొంభై ఏడు. ఈసారి ఫిజిక్స్ డల్లు. మొత్తం మీద జనవరిలో తొంభై ఒకటి, ఏప్రిల్లో తొంభై మూడు.

మేం అనుకుంటున్న కాలేజీలో కంప్యూటర్స్ సీటు పోయినేడు తొంభై ఐదు దగ్గర ఆగిపోయిందని ఎవరో చెప్పారు. తొంభై మూడుకీ తొంభై ఐదుకీ మధ్య ఉన్న ఆ రెండూ నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. డాబా మీదకి వెళ్ళడం, దిగి రావడం, ఫోన్లో కాలేజీ వెబ్‌సైటు తెరవడం, మూసెయ్యడం, మళ్ళీ తెరవడం. మా ఆవిడ రూతు పిల్లల నోట్సులు దిద్దుకుంటోంది. స్కూల్లో టీచరు కదా.

"మీరు కూర్చుంటారా, నన్ను వెళ్ళి డాబా మీద కూర్చోమంటారా?" అంది తలెత్తకుండా.

మర్నాడు ఆఫీసులోనూ అదే తిరుగుడు. నా పక్క సీటు అప్పలరాజుది. ఇరవై ఏళ్ళ స్నేహం, బావా అంటే బావా అనుకుంటాం. వాళ్ళబ్బాయి సంతోష్ కూడా ఈ ఎంట్రన్సే రాశాడు.

"ఏటి బావ, పొద్దుట్నించి అలగ తిరగతన్నావు. ఓడ మునిగిపోనాదేటి?"

చెప్పాను.

"రెండుసార్లు రాసినాది కదా. రెండిట్లో బెస్టు తీసుకుంతారంట. మావోడు సెప్పినాడు."

బెస్టు. ఆ మాట చెవిలో పడగానే నా చెయ్యి దానంతటదే మౌసు మీదకి పోయింది. జనవరి క్రేను... అదే, జనవరి ఫిజిక్స్ ఇక్కడ పెట్టాను. ఏప్రిల్ కెమిస్ట్రీ, మాథ్స్ పక్కన పెట్టాను. మూడూ కలిపి మూడుతో భాగించాను. తొంభై ఆరు. గుండ్రంగా, ముచ్చటగా తొంభై ఆరు. ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసి, పక్కన 'ఫైనల్ బెస్ట్' అని రాశాను. ఆ రంగు చూశాకగాని నాకు నిమ్మళించలేదు.

"మావోడిది కూడా ఎయ్యి బావ," అన్నాడు అప్పలరాజు కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. సంతోష్ ఎనభై ఎనిమిది మీద ఉన్నాడు. నా షీట్లో వేస్తే తొంభై రెండు అయ్యాడు. అప్పలరాజు ఆ రోజు మధ్యాహ్నం నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వకుండా బిర్యానీ తినిపించాడు.

సాయంత్రం ఇంట్లో చూపించాను. హెప్సీ షీటు వైపు కాసేపు చూసింది.

"అలా సబ్జెక్టువారీ కలపరేమో డాడీ."

"బెస్టు తీసుకుంటారని వాళ్ళే చెప్తున్నారు కదమ్మా."

"బెస్టు అంటే..." అని ఆగిపోయింది. దానికీ గట్టిగా తెలీదు. అది ఆగిపోవడం చూసి నేను గెలిచాననుకున్నాను. కాలేజీ అప్లికేషన్లో 'బెస్ట్ స్కోర్' అన్న గడిలో తొంభై ఆరు నేనే కొట్టాను. కింద మూడు ఆప్షన్లు పెట్టాలి. మూడూ కంప్యూటర్సే, తోకలు మాత్రం వేరు. హెప్సీ సంతకం పెట్టింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, దేవుడు మా అమ్మాయికి తొంభై ఆరు ఇచ్చాడని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర నన్ను నలుగురు పట్టుకున్నారు, మా పాపది చూడండి, మా బాబుది చూడండి అంటూ. వాళ్ళలో మార్తమ్మ గారని ఒకావిడ ఉంది, పెందుర్తిలో మాకు రెండు వీధుల అవతల టైలరింగ్ చేస్తుంది. ఆవిడ కూతురుకి ఎనభై తొమ్మిది. ఫోన్లోనే షీటు తెరిచి వేశాను. తొంభై మూడు వచ్చింది. ఆవిడ అక్కడే నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఇప్పుడు చెప్తుంటే నాకు ఎలాగో ఉంది గాని, ఆ రోజు మాత్రం నేనే ఆ నాలుగు మార్కులూ వేసినంత గర్వంగా ఇంటికొచ్చాను.

షీటు చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మీ పిల్లల అంకెలు ఇక్కడ వెయ్యండి, ఆకుపచ్చ గడిలో వచ్చినది అప్లికేషన్లో రాయండి" అని సూచనలు కూడా ఇచ్చాను. ఎవరో నన్ను 'ప్రకాష్ సార్' అన్నారు. పోర్టులో ఇంతవరకు నన్నెవరూ సార్ అనలేదు.

సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కి తొమ్మిది రోజులు టైముంది. ఆ తొమ్మిది రోజులూ నాకు నిలకడ లేదు. అంకె చేతిలో ఉంది, సీటు లేదు. వెబ్‌సైట్లో నా అప్లికేషన్ పక్కన 'పరిశీలనలో ఉంది' అని ఉండేది. దాన్ని రోజుకి నలభైసార్లు చూసేవాణ్ణి. ఒకసారి బొగ్గు రిపోర్టులో టన్నుల దగ్గర తొంభై ఆరు అని రాసి పంపితే, అంత పెద్ద ఓడలోంచి అంతేనా దిగిందని ఆఫీసరు ఫోన్ చేశాడు.

ఆ రోజు రానే వచ్చింది. హెప్సీని బండి మీద ఎక్కించుకుని గాజువాక, కూర్మన్నపాలెం మీదుగా వెళ్ళాను. తొమ్మిదింటికి రమ్మంటే ఎనిమిదింటికే గేటు దగ్గర ఉన్నాం. అయినా టోకెన్లు అయ్యేసరికి మాది ఇరవై నాలుగు. అప్పలరాజు, సంతోష్ మా వెనకే. లోపల ఒక పొడుగాటి హాలు, చివర ఒక టేబుల్, టేబుల్ వెనక అద్దాలు పెట్టుకున్న మేడం ఒకావిడ. లెక్కల డిపార్ట్‌మెంటట. చాలా నెమ్మదిగా మాట్లాడుతోంది. ఆ నెమ్మది చూసి నాకు ధైర్యం వచ్చింది.

మా టోకెన్ పిలిచారు. మేడం అప్లికేషన్ చూసింది, స్కోరు కార్డులు చూసింది, మళ్ళీ అప్లికేషన్ చూసింది.

"ఈ తొంభై ఆరు ఎక్కడిదండీ?"

"మా అమ్మాయిదేనండి."

"రెండు కార్డుల్లోనూ లేదు."

"ఒక కార్డులో ఉండదండి. రెండూ కలిపితే వస్తుంది," అని ఫైల్లోంచి నా షీటు తీసి టేబుల్ మీద పెట్టాను. ఆకుపచ్చ గడి ఆవిడ వైపు వచ్చేలా తిప్పాను కూడా.

మేడం డ్రాయరు తెరిచి ఒక కాగితాల బొత్తి తీసి నా షీటు పక్కన పెట్టింది. అదే షీటు. అదే ఆకుపచ్చ గడి. పైనున్నది మార్తమ్మ గారి అమ్మాయిది.

"పొద్దుట్నుంచి మీది ఐదోది. మొదటిది చూసి ఎవరో పొరపాటు పడ్డారనుకున్నాను. మూడోది వచ్చేసరికి భయం వేసింది. ఎవరిచ్చారండీ ఇది? ఏదైనా కన్సల్టెన్సీయా?"

"ఏమోనండి. గ్రూపులో వచ్చింది," అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలీదు. పక్కన హెప్సీ నా వైపు తిరిగింది. నేను తిరగలేదు.

మేడం షీటు చివర వేలు పెట్టింది. ఆఫీసు రిపోర్టుల అలవాటు కదా, ప్రతి షీటు కిందా 'తయారుచేసినవారు: ప్రకాశరావు' అని పడిపోతుంది. ఆ వేలు అక్కణ్ణుంచి లేచి అప్లికేషన్లో తండ్రి పేరున్న గడి మీదకి వెళ్ళింది. అక్కడ కాసేపు ఆగింది.

వెనకనుంచి అప్పలరాజు నాకు సాయం చెయ్యబోయాడు. "ఆయనే మేడం. సాలా తెలివైనోడు. మా ఆఫీసులో ఎక్సెల్లంటే ఈయనే."

"మీదీ ఇదే షీటా?"

"అవును మేడం. మావోడికి నాలుగు కలిసినాయి."

మేడం అద్దాలు తీసి తుడుచుకుంది. "పర్సంటైల్ అంటే మార్కులు కాదండీ. ఆ విడత పరీక్ష రాసినవాళ్ళలో మీ అమ్మాయి వెనక నూటికి ఎంతమంది ఉన్నారో చెప్పే అంకె. జనవరిలో వెనకున్న జనం వేరు, ఏప్రిల్లో వెనకున్న జనం వేరు. ఫిజిక్స్‌లో వెనకున్నవాళ్ళు వేరు, మాథ్స్‌లో వేరు. వాటిని కూడి మూడుతో భాగిస్తే వచ్చేది ఎవరి స్థానమూ కాదు. ఒక క్యూలో పదోవాణ్ణీ, ఇంకో క్యూలో ఐదోవాణ్ణీ కలిపి సగం చేస్తే ఎవరొస్తారు చెప్పండి."

నేను నోరు మూసుకున్నాను. అప్పలరాజు మూసుకోలేదు.

"ఏడున్నరోడు మేడం."

హాల్లో ముందు వరసవాళ్ళు నవ్వారు. మేడం నవ్వలేదు. "బెస్టు అంటే రెండు మొత్తాల్లో ఏది ఎక్కువైతే అది. మీ అమ్మాయికి తొంభై మూడు. స్టేట్ ఎంట్రన్సు ర్యాంకు ఉంటే దాన్నీ మా టేబుల్ ప్రకారం ఇదే కొలతలోకి మార్చి పక్కన పెడతాం, రెండిట్లో మంచిది తీసుకుంటాం. మార్చేది మేము. మీరు కాదు."

తరవాత అప్లికేషన్ వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చూపించింది. తప్పు వివరాలు రాస్తే అప్లికేషన్ రద్దు. అంత వివరంగా పోర్టు కాగితాలన్నీ చదివే నేను, ఆ వెనక పేజీ చదవలేదు.

"మేడం, అది కొట్టింది నేనండి, అమ్మాయికి సంబంధం లేదు, నన్ను..." నన్నేం చెయ్యాలో నాకే తెలీలేదు. నన్ను రద్దు చెయ్యమనలేను కదా.

హెప్సీ నా మోచెయ్యి పట్టుకుంది. "సంతకం నాది మేడం. నాకు అనుమానం వచ్చింది, అయినా పెట్టాను. డాడీ ఒక్కరిదే కాదు తప్పు."

పద్దెనిమిది నిండని పిల్ల. నిమిషం కిందట అదే టేబుల్ ముందు, గ్రూపులో వచ్చిందని నేనన్న మాట గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

మేడం మమ్మల్ని వరండాలో కూర్చోమని, కాగితాలన్నీ తీసుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళింది. అరగంట. ఆ అరగంటలో వరండా ఈ చివరనుంచి ఆ చివరకి ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. లెక్కపెట్టే ధైర్యమూ లేదు. మేడం తిరిగొచ్చి చెప్పింది: మోసం కాదు, తెలీనితనం అని ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. ఈ షీటుతో వచ్చినవాళ్ళందరూ నాలుగింటిలోపు ఎవరి పొరపాటు వల్ల ఏం జరిగిందో రాసి, ఒరిజినల్ కార్డులతో కొత్త ఫారం ఇస్తే తీసుకుంటాం. నాలుగు దాటితే తీసుకోం.

మొత్తం ఏడుగురు. నలుగురు ముందే పని అయిపోయిందనుకుని బయల్దేరిపోయారు. ఒకరి తరవాత ఒకరికి ఫోన్లు చేశాను. ముగ్గురు గేటు దగ్గర టిఫిన్ బండి దగ్గరే దొరికారు. మార్తమ్మ గారు గాజువాకలో బస్సులో ఉంది. విషయం చెప్పాను. అవతల కండక్టర్ని ఆపమంటున్న గొంతు వినపడింది. అరగంటకి కూతురితో ఆటో దిగింది. నన్ను తిడుతుందనుకుని నిలబడ్డాను. ఆవిడ సంచీలోంచి పెన్ను తీసి నా చేతికిచ్చి, "రాయండి ప్రకాష్ గారూ, నాకు కళ్ళజోడు లేదు," అంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఏడు ఉత్తరాలూ నేనే రాశాను. ఎవరి పొరపాటో రాయాలన్నారు కదా, ఏడింట్లోనూ నా పేరు నేనే రాసుకోవాల్సి వచ్చింది. 'ప్రకాశరావు గారి లెక్క వల్ల' అని రాస్తుంటే అప్పలరాజు భుజం మీంచి తొంగిచూశాడు.

"లెక్క అంతే సాలదు బావ. అతి తెలివి వల్ల అని రాయి. పిన్సిపాలుకి అర్థమవ్వాల."

"పొద్దున్న చాలా తెలివైనవాడన్నావు."

"అప్పుడు నాలుగు కలిసినాయి కదేటి."

చివరగా హెప్సీ కొత్త ఫారం. ఆప్షన్ల దగ్గరకొచ్చి పెన్ను ఆపాను. తొంభై మూడుకి కంప్యూటర్స్ రాదు. ఇంకేం రాయాలో నాకు తెలీదు.

"మెటలర్జీ రాయి డాడీ," అంది.

"అదేంటమ్మా, మిగిలిందని తీసుకుంటావా?"

"మిగిలింది కాదు. నేను అడిగిందే అది. నువ్వు అప్లికేషన్ నింపుతున్న రోజు రెండుసార్లు చెప్పాను. నువ్వు 'ఆఁ ఆఁ' అన్నావు."

ఏం గుర్తు లేదు. ఆకుపచ్చ గడి చూసుకుంటూ ఉండుంటాను. కరిగిన ఇనుము చూసినప్పుడు ఎలా ఉంటుందో, స్కూలువాళ్ళు స్టీల్ ప్లాంటుకి తీసుకెళ్ళిన రోజు ఆ వేడికి దానికి కనుబొమలు ఎలా చురుక్కుమన్నాయో ఆ వరండాలో కూర్చుని చెప్పింది. ఇన్నేళ్ళలో మొదటిసారి పూర్తిగా విన్నాను. పెన్ను దాని చేతికిచ్చేశాను. మొదటి గడిలో మెటలర్జీ అని దాని చేత్తో అది రాసుకుంది. మూడూ ముక్కాలుకి ఏడు కవర్లూ మేడం టేబుల్ మీద పెట్టాం.

బయటికొచ్చి రూతుకి ఫోన్ చేశాను. అంతా విని, "ఇంతకీ ఎంత?" అంది.

"తొంభై మూడు."

"ఆదివారం అందరి ముందూ తొంభై ఆరని చెప్పారు."

"చెప్పాను."

"వచ్చే ఆదివారం లేచి ఆ మూడూ వెనక్కిచ్చెయ్యండి."

ఇచ్చేశాను. చప్పట్లు రాలేదు గాని, పాస్టరు గారు దగ్గుతున్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

పది రోజులకి లిస్టు వచ్చింది. హెప్సీకి మెటలర్జీ. సంతోష్‌కి సివిల్. మార్తమ్మ గారి అమ్మాయికి స్టేట్ ర్యాంకు మార్చి చూస్తే ఇంకా మంచి అంకె వచ్చిందట, ఎలక్ట్రానిక్స్ దొరికింది. ఆ వార్త చెప్పడానికి ఆవిడే మా ఇంటికొచ్చింది. కూర్చుని టీ తాగింది గాని, అంకె ఎంతో మాత్రం నాకు చెప్పలేదు.

చేరిన రోజు కాలేజీకి వెళ్ళాం. ఆఫీసు ముందు నోటీసు బోర్డులో అడ్మిషన్ నిబంధనలు అంటించి ఉన్నాయి. మొదటి ఎనిమిదీ పాతబడిన కాగితం మీద ఉన్నాయి. తొమ్మిదోది కింద కొత్త తెల్ల కాగితం మీద వేరేగా టైపు చేసి అంటించారు: 'తల్లిదండ్రులు ఇంటి వద్ద స్వయంగా కలిపి తయారుచేసిన స్కోర్లు స్వీకరించబడవు.'

హెప్సీ చదివింది. నా వైపు చూసింది. నవ్వు ఆపుకోవడానికి చున్నీ నోట్లో పెట్టుకుంది. అప్పలరాజు మాత్రం దగ్గరికెళ్ళి అక్షరం అక్షరం చదివి, నీ పేరు వెయ్యలేదు బావా అని నిజంగానే బాధపడ్డాడు.

మా ఇంట్లో ఇంతవరకు ఇంజినీరింగ్ కాలేజీలో చేరినవాళ్ళు ఎవరూ లేరు. ఈ ఏడాది ఇద్దరం చేరాం. అమ్మాయి మెటలర్జీలో చేరింది. నేను తొమ్మిదో నిబంధనలో చేరాను.